పళ్ళ డాక్టరు గారి బాదం చెట్టు

పళ్ళ డాక్టరు గారికి ఉన్నది ఒకటే పిచ్చి. వీధిలో ఏ చెట్టు కనబడినా అది ఉండాలో, పోవాలో ఆయనే తేల్చాలి. తన పెరట్లో చెట్టు మాట మాత్రం ఎవరూ ఎత్తకూడదు.

ప్రాక్టీసు మానేశాక పట్టుకుందీ జబ్బు. పొద్దున్నే నడకకు బయల్దేరి, దారిలో కనబడిన మానునల్లా చేతికర్రతో టకటకా కొట్టి, చెవి ఆనించి వినేవారు.

"లోపలంతా డొల్ల. తీయించెయ్యండి," అన్నారొకసారి బేకరీ ఆయనతో.

"ఇంకా కాయలు కాస్తోంది కదండీ!"

"పుచ్చిన పన్ను నమలదా ఏమిటి? విరిగేదాకా నములుతుంది."

బేకరీ ఆయన నసుగుతూనే కొట్టించాడు. మాను లోపలినుంచి రొట్టెపొడిలా రాలింది. ఆ రోజునుంచి డాక్టరు గారిని పట్టడం ఎవరి తరమూ కాలేదు.

అలాగని అన్నీ కొట్టించేసే మనిషీ కాదు. వాకిలి ఊడ్వలేక చస్తున్నాను, చెట్టు తీయించేస్తానని టీచరమ్మ అంటే ఆయన మండిపడ్డారు. "జుట్టు రాలుతోందని తల తీయించుకుంటామా తల్లీ?"

ఇంత తెలిసిన మనిషి సొంత పెరట్లోని బాదం చెట్టు దగ్గరికొచ్చేసరికి ఎందుకలా మొండికేస్తారో ఆయన భార్యకు అంతుపట్టేది కాదు.

"చెట్టు మొదట్లో పుట్టగొడుగులు మొలిచాయండీ."

"తడి ఉంటే మొలవవూ?"

"పై కొమ్మ ఎండిపోయింది."

"వయసు. నా నెత్తి చూడు."

"పక్కింటి మీదికి వాలుతోంది!"

"అది వినయం."

"చెట్టుకు వినయమా?"

"నీకు లేదు కనక ఇంకెక్కడా ఉండకూడదా?"

ఆవిడ మూతి తిప్పుకుని లోపలికి పోయేది. ఆయన మాత్రం పాత పట్టకారు ఒకటి దారానికి కట్టి, మాను పక్కన వేలాడదీసి, ఒక కన్ను మూసుకుని చూస్తూ నిలబడేవారు. రోజూ ఇదే తంతు. "మీ బావగారు చెట్టుతో దాగుడుమూతలాడుతున్నారే," అని ఆవిడ ఫోన్లో చెల్లెలితో చెప్పుకుని నవ్వుకునేది.

ఒకసారి రాత్రంతా వాన దంచికొట్టింది. పొద్దున్న ఆవిడ పెరటి తలుపు తీసేసరికి డాక్టరు గారు బురదలో మోకాళ్ళ మీద ఉన్నారు. చెట్టు వాలిన వైపుకు ఎదురుగా, మొదట్లో నేల ఉబ్బి బీట తీసింది. ఆయన ముఖంలో వేళాకోళం లేదు. లేచి గోడ దగ్గరికి పరుగెత్తారు.

గోడకు అవతల రేకుల షెడ్డులో టైలరమ్మ మిషను తొక్కుతోంది.

"అమ్మా! మిషను వదిలేసి బయటికి రా!"

"ఒక్క కుట్టు మిగిలిందండీ డాక్టరు గారూ!"

"కుట్టు తర్వాత! ముందు నువ్వు రామ్మా!"

ఆ గొంతు విని ఆవిడ కత్తెర చేతిలో ఉండగానే బయటికి వచ్చేసింది. చెట్లు కొట్టేవాళ్ళు వచ్చి, తాళ్ళు కట్టి, కొమ్మ కొమ్మగా దించేసరికి సాయంత్రమైంది. షెడ్డుకు చిన్న గీతైనా పడలేదు. డాక్టరు గారు మాత్రం చెట్టు వైపు వీపు తిప్పి మెట్ల మీద కూర్చున్నారు.

భార్య కాఫీ తెచ్చిచ్చి పక్కన కూర్చుంది. "నేను మొత్తుకుంటే వినలేదేమండీ ఇన్నాళ్ళూ?"

"ఎండాకాలం ఆ రేకుల కింద ఎప్పుడైనా నిలబడ్డావా? ఈ నీడే లేకపోతే టైలరమ్మ మధ్యాహ్నానికల్లా మిషను కట్టిపెట్టాల్సిందే. వాలు పెరగనంత కాలం ఉంచుదామని ఆ పట్టకారు వేలాడదీసి రోజూ చూసుకుంటూ వచ్చాను. నేలే కదిలాక ఇంకేముంది?"

ఆవిడ గోడ మీదుగా షెడ్డు కేసి చూసి, "నాతో చెబితే మీ సొమ్మేం పోయింది?" అంది.

"నీతో చెబితే ఆవిడకు తెలుస్తుంది. ఆవిడకు తెలిస్తే మొహమాటపడి, చెట్టు కొట్టించెయ్యమని తనే వచ్చి మన గుమ్మంలో కూర్చుంటుంది."

మర్నాడు ఆయన వీధివైపు గది తెరిచారు. ఒకప్పుడు పేషెంట్లను చూసిన గది. ఫ్యాను బాగుచేయించి, దాని కింద మిషను పెట్టించారు. టైలరమ్మ వద్దు వద్దంటున్నా వినిపించుకోలేదు. "ఊరికే మూసి ఉంచితే గదికి చెదలు పడతాయమ్మా!" అని కసిరారు. పేషెంట్లను కూర్చోబెట్టే పెద్ద కుర్చీని కదపడం ఎవరివల్లా కాక, అది మూలనే ఉండిపోయింది.

ఇప్పుడు చొక్కాలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు అందులోనే చేరగిలబడుతున్నారు. మొన్న పోస్ట్‌మాస్టరు అలా కూర్చునేసరికి, డాక్టరు గారు టార్చిలైటు పట్టుకుని తలుపు సందులోంచి తల పెట్టారు.

"ఎలాగూ కూర్చున్నారుగా, ఒకసారి నోరు తెరవండి."

పోస్ట్‌మాస్టరు పాపం బుద్ధిగా తెరిచాడు. ఆయన మెడకు టేపు చుట్టి కొలుస్తున్న టైలరమ్మ గయ్యిమంది.

"డాక్టరు గారూ! ఆయన నోరు తెరిస్తే నాకు కాలరు కొలత తప్పిపోతోంది!"