చుక్క లేని ప్రశ్న, చుక్క ఉన్న బర్రె

ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీద నాకొక డీటీపీ షాపు ఉంది. వెంచర్ల కరపత్రాలు, పెళ్లి పత్రికలు, కాలేజీ పిల్లల ప్రాజెక్టులు, ఎవరు ఏది తెస్తే అది టైపు చేస్తాను. తెలుగు నా చేతిలో పని. అయినా ప్రభుత్వాన్ని ప్రశ్న అడగడం మాత్రం మా అత్తమ్మ దగ్గరే నేర్చుకున్నాను. ఆమెకు చదువు రాదు గానీ, కోడల్ని నిలదీయడంలో ఏళ్ల తరబడి అనుభవం ఉంది.

మేముండే ఊరు పట్నానికి దగ్గరే. ఊళ్లో పశువుల దవాఖాన ఉంది, దానికి బోర్డు ఉంది, తాళం తీసే అటెండరు ఉన్నాడు. డాక్టర్ లేడు. సిటీలో ఏదో ఆఫీసులో పని ఎక్కువైందని ఆయన్ని డిప్యుటేషన్ మీద తీసుకుపోయారు. జీతం మా ఊరి పేరున, కుర్చీ సిటీలో. మామూలుగా అయితే ఊరు ఎలాగో సర్దుకునేదే. కానీ మా అత్తమ్మ బర్రె చూలుతో ఉంది. కిందటి ఈతలో దూడ అడ్డం తిరిగి, మేము డాక్టర్ కోసం ఫోన్లు చేస్తుండగానే చచ్చిపోయింది. బర్రె దక్కడమే గొప్ప. అప్పట్నుంచీ అత్తమ్మ కొట్టంలోకి పోయి దాని పొట్ట నిమిరి వస్తేనే అన్నం ముట్టేది. ఇంకోసారి అట్లా అయితే నేను బతకను అనేది. నాకూ భయంగానే ఉండేది.

మా ఊరి అల్లుడొకాయన శాసనమండలి సభ్యుడు. ఒక పెళ్లిలో ఆయన బగారన్నం ముందు కూర్చోగానే అత్తమ్మ పట్టుకుంది.

"అల్లుడా, జర చెయ్యి ఆపు. మా ఊరికి డాక్టర్‌ను తెప్పియ్యి, తర్వాత తిందువు."

"సభల లేచి అడుగుదామంటే నా వంతు వచ్చేటాలకు ప్రశ్నల గంట అయిపోతది అత్తమ్మా. రాసి అడుగుత. గసుంటి ప్రశ్నకు పక్కన చుక్క గుర్తు ఉండది. చుక్క ఉన్న ప్రశ్నకు మంత్రి నోటితోని చెప్తడు, లేనిదానికి కాయితం మీద రాసిస్తడు."

"మా బర్రెకు నొసట చుక్క ఉన్నది తియ్యి. ప్రశ్నకు లేకుంటేంది?"

"గదే మంచిది. నోటితోని అన్నది గాలికి పోతది. రాసిచ్చినంక మాట మార్చరాదు." ఆయన నా వైపు తిరిగి, "చెల్లె, జర నువ్వే టైపు చేసి పంపు," అని మళ్లీ అన్నంలో చెయ్యి పెట్టాడు.

మర్నాడు అత్తమ్మ నాతోపాటే షాపుకు వచ్చి స్టూలు మీద కూర్చుంది. "'మా బర్రె ఈనవట్టింది, డాక్టర్ యాడ సచ్చిండు' అని రాయి," అంది. సభకు పోయే కాగితం మీద అట్లా రాయకూడదని చెప్పి, నా భాషా పాండిత్యమంతా వెచ్చించాను. "(అ) సదరు గ్రామ పశువైద్యశాలలో వైద్యుని పోస్టు ఖాళీగా ఉన్న మాట వాస్తవమేనా? (ఆ) అయితే, అందుకు కారణాలేమిటి? (ఇ) ఎప్పటిలోగా భర్తీ చేస్తారు?" చదువుకుని నేనే మురిసిపోయాను.

కొన్నాళ్లకు జవాబు అల్లుడి ఫోన్ నుంచి నా ఫోన్‌కు వచ్చింది. "(అ) లేదండి. (ఆ), (ఇ) ప్రశ్న ఉత్పన్నం కాదు."

"ఉత్పన్నమంటే ఏంది?" అంది అత్తమ్మ.

"పుట్టడం. అంటే ప్రశ్నే పుట్టదట."

"పుట్టకుంటే మనమెట్ల అడిగినం? రేపు బర్రె కడుపుల దూడ గూడ పుట్టదంటరా?"

నాకు ఒళ్లు మండిపోయింది. వాళ్లు చెప్పింది అబద్ధం కాకపోవడం ఇంకా మండించింది. పోస్టులో మనిషి ఉన్నాడు కాబట్టి పోస్టు ఖాళీ కాదు. ఈ సంగతి చెబితే అత్తమ్మ నోరు తెరిచింది. "ఖాళీ లేదంటే డాక్టర్‌కు పని మస్తున్నది కావచ్చు అనుకున్న గాదే!"

ఆ రోజు పొయ్యి దగ్గర కూర్చుని నాకు పాఠం చెప్పింది. "నిన్ను 'బజారుకు పోయినవా' అని అడిగితే 'అవ్' అని తప్పించుకుంటవ్. 'ఏం తెచ్చినవ్, ఎవరి దగ్గర తెచ్చినవ్' అంటే యాడికి పోతవ్? అవ్, లేదు అనరాకుండ అడగాలె."

ఇన్నేళ్లూ నన్ను ఎట్లా పట్టుకుందో అప్పుడర్థమైంది. పాతవన్నీ గుర్తొచ్చి కొంచెం కోపం కూడా వచ్చింది. అయినా ఆ పద్ధతిలోనే రెండో ప్రశ్న టైపు చేశాను. ఆ డాక్టర్ మా దవాఖానలో ఏయే తారీఖుల్లో కూర్చున్నారు? ఎన్ని పశువులను చూశారు? మిగతా రోజుల్లో ఎక్కడున్నారు, ఎవరి ఉత్తర్వు మీద?

ఈసారి జవాబు కంటే ముందు పశువైద్య శాఖ జీపు వచ్చింది. దవాఖానకు సున్నం వేశారు. అటెండరు కొత్త చొక్కా తొడుక్కుని వచ్చినవాళ్లకల్లా నమస్తే పెట్టాడు. రెండు రోజుల తర్వాత డాక్టరే దిగాడు. మేము తిట్టుకున్నంత చెడ్డవాడేం కాదు, పాపం. "కంప్యూటర్ ముందట కూసోబెట్టిన్రు అక్కా. పశువును ముట్టక ఎన్ని దినాలైందో," అన్నాడు.

ఆ వారమే, పొద్దెక్కే వేళ బర్రె నొప్పులు పడింది. దూడ ముందరి కాలు లోపల మడతపడి ఉంది. డాక్టర్ భుజం దాకా తొడుగు వేసుకుని, చెమటలు కక్కుతూ, దాన్ని సరిచేసి లాగాడు. దూడ తడితడిగా గడ్డి మీద పడి తల ఆడించింది. అత్తమ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మొదటి జున్ను ఆమె డాక్టర్‌కే పెట్టింది.

జవాబు ఆ తర్వాత వచ్చింది. "ప్రస్తుతం సదరు వైద్యులు క్రమం తప్పకుండా హాజరవుతున్నారు." తారీఖుల ఊసు లేదు. సభ ముగిసిన కొద్దిరోజులకే డాక్టర్‌ను మళ్లీ సిటీకి పిలిచారు. పోయేముందు ఇంటికొచ్చి చెప్పి, తల దించుకుని వెళ్లాడు.

బర్రె మళ్లీ ఎదకు వచ్చింది. చూలు కట్టడానికి సూది వేసే అతను డబ్బా పట్టుకుని వస్తే అత్తమ్మ గుమ్మంలోనే ఆపేసింది. "ఇప్పుడు ఏస్తే ఎండల్ల ఈనుతది. ఎండల్ల సభ ఉండది. సభ లేకుంటే డాక్టర్ రాడు." అని నాతో అల్లుడికి ఫోన్ చేయించింది, వచ్చే ఏడు సభ ఏ తారీఖుల్లో పెడతారో కనుక్కోమని.

"అది సర్కారు ఇష్టం చెల్లె. మాకే ఆఖరుకు తెలుస్తది," అన్నాడాయన.

నాకు నవ్వాగలేదు. సూది అతనూ నవ్వాడు. అత్తమ్మ నవ్వలేదు.

"ఈ యేడు సూది వద్దు. పాలకు ప్యాకెట్ కొనుక్కుందాం," అంది. "ఇంకో దూడ నా చేతుల్ల సస్తే నేను సూడలేను బిడ్డా."

అతను డబ్బా బండికి కట్టుకుని వెళ్లిపోయాడు. మర్నాడు షాపు తెరవగానే పెళ్లి పత్రికలు పక్కన పెట్టి మూడో ప్రశ్న మొదలుపెట్టాను. అత్తమ్మ స్టూలు దగ్గరికి జరుపుకుని, తనకు చదవరాని తెర వైపే చూస్తూ కూర్చుంది.

"'ప్రస్తుతం' అనరాకుండ రాయి," అంది.