యూనివర్సిటీల ఉన్న పెద్దులును తోలుకరాబోయిన చిలుకమ్మ

పెద్దులు పోయినంక చిన్న దినం నాడు పెట్టిన కూడు పిట్ట ముట్టలేదు. పోనీ, పెద్ద దినం నాడు ముడుతదిలే అనుకున్నరు. ఆ దినం మేకకూర వండి, కల్లు ముంత నింపి, బీడీకట్ట పక్కకు పెట్టి, విస్తరి చెల్కల పెట్టి అందరు దూరం జరిగిండ్రు. కాకులు వచ్చినయి. విస్తరి సుట్టు తిరిగినయి, మెడ వంకర పెట్టి చూసినయి, లేచిపోయినయి. కొడుకు సాగర్ "బాపూ, అవ్వను మంచిగ చూసుకుంటనే" అని మొక్కిండు. ముట్టలేదు. తమ్ముడు లింగయ్య "అన్నా, చెల్క గెట్టు పంచాది ఇడిసిపెట్టిన, ఇగ తిను" అన్నడు. అయినా ముట్టలేదు. ఆఖరికి యాడికెల్లో ఒక కుక్క వచ్చి మొత్తం తినిపోయింది.

రేగొండకు ఇవతలున్న ఆ ఊర్ల ముసలోళ్లు కూడ గిసొంటిది చూడలేదన్నరు. పిట్ట ముట్టలేదంటే పోయినోని మనసుల ఏదో ఉన్నట్టు. ఆకలితోనే తిరుగుతడు, ఏ దిక్కుకు పోడు. ఈ సంగతి పెద్దులు పెండ్లాం చిలుకమ్మకు ఎవలూ చెప్పక్కర లేదు. పొద్దుగూకే యాల్లకు దొడ్డి తడిక కాడ పెద్దులు దగ్గు ఇనబడుతుంది. ఇన్నేండ్లు పక్కపొంటి పండుకొని ఇన్న దగ్గు, తెల్వదా ఆమెకు? తడిక తీసి చూస్తె ఎవలుండరు. గొర్రెలు మాత్రం అన్ని ఒక్కదిక్కే మొఖం పెట్టి నిలబడి ఉంటయి. ఆమెకు భయం కాలేదు. తిండి జర ఆలస్యమైతే ఇల్లు పీకి పందిరేసేటోడు, ఇప్పుడు ఇన్ని దినాలాయె మెతుకు లేకుండ తిరుగుతుండు గదా అని ఆమె బాధ.

లింగయ్యే తేల్చి చెప్పిండు. "వదినా, అన్న పూరాగ ఊర్ల లేడు. సగం యూనివర్సిటీల ఉన్నడు. మీరే ముక్కలు ముక్కలు పంచిపెట్టిండ్రు."

"నీ నోట్ల మన్నువడ, ఏం మాటరా అది" అన్నది చిలుకమ్మ. అన్నదిగని ఆ మాట లోపటికి దిగింది.

లింగయ్య అన్నది ఉత్తది కాదు మరి. పెద్దులు గొర్రెల కాపరి, అయినా ఆయన మాటలింటే గొర్రెలు కూడ మేసుడు మరిచిపోవాలె. ముప్పై ఏండ్ల కింద తెలుగు చదువుల సారొకాయన టేపు మిషన్ భుజానికేసుకొని గొర్రెల పాటలు పట్టుకుందామని వచ్చిండు. పెద్దులు గొంగడి పరిచి కూసోబెట్టి పొద్దంత పాడిండు. ఆ సారు పోయి ఎవలికి చెప్పిండో, వాళ్లింకెవలికి చెప్పిండ్రో, ఇగ ఆ ఇంటికి తొవ్వ పడ్డది. రాళ్ల చదువోళ్లు వచ్చి రాకాసి గుళ్లనే పాతకాలం రాతి గోరీలు చూపియ్యమన్నరు. మనుషుల చదువోళ్లు అరికాలు సిరాల ముంచి కాయితం మీద ఒత్తుకపోయిండ్రు. చెట్ల చదువోళ్లు ఆకు ఆకుకు పేరు అడిగిండ్రు. తెలిసింది చెప్పిండు, తెల్వని దానికి అప్పటికప్పుడు ఏదో ఒక పేరు పెట్టి పంపి, రాత్రి కడుపుబ్బ నవ్విండు. ఆ పేర్లు యాడ అచ్చయినయో దేవునికెరుక! మొన్న మొన్న రసాయనాలోళ్లు వచ్చి, బొగ్గుబాయి దుమ్ము నీళ్లల్ల కలుస్తుందో లేదో చూస్తమని ఆయన వెంట్రుకలు, గోర్లు కత్తిరించుకపోయిండ్రు. రక్తం చదువోళ్లు అవ్వయ్యలకెల్లి పిల్లలకు వచ్చే రోగం ఉన్నదేమో చూస్తమని రక్తం తీసుకపోయిండ్రు. మనసు చదువోళ్లైతే రాత్రి నీకేం కలలొస్తయని అడిగి రాసుకున్నరు. కట్టుకున్న పెండ్లాం ఒక్కనాడు అడిగిందా ఆ ముచ్చట? ఆమెకు అడగాలన్న సోయే రాలేదు.

వాళ్ల ఇండ్లల్ల ఒక పద్ధతున్నది. దవాఖానలనో, తొవ్వలనో, పరాయి జాగల పానం పోతే, ఇంటి మనిషి ఆ జాగకు పోయి, గుప్పెడు మన్ను కొంగున కట్టుకొని, పేరు పెట్టి పిలిచి, "పా, ఇంటికి పోదాం" అని తోలుకరావాలె. అప్పుడు గని పోయినోడు ఇల్లు చేరడు. "అన్నను మొత్తం కూడేసి తోలుకరా వదినా, వచ్చినంక మళ్ల పిట్టకు పెడుదాం" అన్నడు లింగయ్య. సాగర్‌కు బొగ్గుబాయిల డ్యూటీ. ఇగ ఎంట వచ్చింది పక్కింటి ఎస్తేరు. ఆశా పని చేస్తది, రక్తమోళ్లను ఊర్లెకు తోలుకొచ్చింది కూడ ఆమెనే.

"మా పాస్టరు గారికి తెలిస్తే నా పని ఖతం అత్తా" అన్నది బస్సుల.

"చెప్తె గద తెలిసేది. నోరు మూసుకొని కూసో" అన్నది చిలుకమ్మ.

యూనివర్సిటీ గేటు దాటినంక చిలుకమ్మ అట్లనే నిలవడ్డది. ఎంత దూరం చూసినా బిల్డింగులే. ఎస్తేరు ఒక్కొక్క బోర్డు చదివి చెప్పుకుంట నడిచింది. గాలికొక చదువు, నీళ్లకొక చదువు, పురుగులకు, పైసలకు, కొట్లాటలకు, లెక్కలకు, ఆటలకు కూడ ఒకటి.

"ఓయమ్మ! లోకంల ఏదీ ఇడిసిపెట్టలేదా వీళ్లు? మరి సచ్చినోళ్లది ఏ బిల్డింగే?"

"గది లేదత్తా."

"చరిత్ర అన్నవు గద ఇందాక?"

"అది రాజులకట."

మొదలు రసాయనాల కాడికి పోయిండ్రు. తెల్లకోటు పిలగాడొకడు మంచిగనే కూసోబెట్టిండు గని, వెంట్రుకలు అడిగితె మొఖం దించుకున్నడు. "అవి లేవవ్వా. యాసిడ్‌ల కరిగిస్తం, ఎన్క మంటల పెట్టి చూస్తం. అండ్ల ఏమున్నదో గప్పుడే తెలుస్తది."

"అంటే మేము మట్టిల పెట్టకముందే మీరు కాలవెట్టిండ్రన్నట్టు" అన్నది చిలుకమ్మ. కోపం గూడ రాలేదామెకు. పైకప్పుకున్న పొగగొట్టం దిక్కు చూసి, "ఇగో, ఇంటున్నవా, పా పోదాం" అని మెల్లగ పిలిచింది.

"పేరు పెట్టి పిలవాల్నట గదత్తా!" అన్నది ఎస్తేరు.

"నీ మొఖం. మొగని పేరు నోటికెట్లస్తదే?" అని ఆ బిల్డింగు ముంగట గుప్పెడు మన్ను కొంగున కట్టుకున్నది. వాచ్‌మెన్ ఉరికొచ్చి "ఏం చేస్తున్నరమ్మా గీడ" అంటే, ఎస్తేరే "మందుకు సార్" అని చెప్పి గట్టెక్కించింది.

మనసు చదువుల కాడ నగేష్ అని కురవి దిక్కు పిలగాడు దొరికిండు. మన మాటే మాట్లాడిండు, ఛాయ తెప్పిచ్చిండు. ఇనుప బీరువా చూపిచ్చి, "తాత కలలు ఇండ్లనే ఉన్నయవ్వా. గని ఏది తాతదో నాకు తెల్వది. చెప్పినోళ్ల పేర్లు మేము తీసేస్తం. ఎవలి ముచ్చట ఎవలిదో బయట పడొద్దని" అన్నడు.

"పేరు తీసేస్తె ఎట్ల పిలవాలె కొడుకా ఆయనను? ఎట్ల మర్లి చూస్తడు?"

చిలుకమ్మ బీరువా మీద చెయ్యేసి నిలవడ్డది. ఎంతమంది ముసలోళ్ల రాత్రులో, తలుపేసి లోపట పెట్టిండ్రు. దగ్గు ఇనబడ్డది. నగేష్ దగ్గలేదు, ఎస్తేరు దగ్గలేదు. చిలుకమ్మ దిగ్గున చెయ్యి తీసుకొని, "ఈడ వద్దే, పా" అని బయటవడ్డది.

రక్తం చదువుల కాడ శృతి అని పెద్ద చదువు చదివే పిల్ల ఉన్నది. ఎస్తేరుకు ఎరుకైన పిల్లనే. చెప్పింది ఇని, నవ్వలేదు, ఎదురడగలేదు. లోపటికి తోలుకపోయి, మనిషెత్తు మంచుపెట్టె తలుపు తీసింది. తెల్లగ పొగ బయటికొచ్చి చిలుకమ్మ కాళ్ల మీద పడ్డది. లోపట వేలంత సీసాలు, వరుసలు వరుసలు. శృతి చేతులకు తొడుగులేసుకొని ఒక సీస పైకి తీసి చూపిచ్చింది. అడుగున నల్లగ, గడ్డ కట్టి ఉన్నది.

చిలుకమ్మ పానం అల్లాడిపోయింది. ఎండకాలం కూడ గొంగడి లేకుంటె నిద్రపోని మనిషి. గీ మంచుల, గీ ఇనుప పెట్టెల, పైన బట్ట పేలిక లేకుండ! సిగ్గు, పద్ధతి అన్ని యాడికి పోయినయో, "పెద్దులూ" అని పిలిచింది. పెండ్లయిన కాడికెల్లి ఒక్కసారి అనని పేరు. "పెద్దులూ, పా ఇంటికి పోదాం. నెగడు ఏస్త. పా నాయినా."

శృతి సీసను లోపట పెట్టి తలుపు మూసింది. మూసినంక కూడ ఆ పిల్ల అట్లనే నిలవడి, "అవ్వా, తాత మీ చిన్నపాప ముచ్చట చెప్పిండు నాకు" అన్నది.

"ఏ పాప?"

"సరోజ అట గదా."

సరోజ! సాగర్ పుట్టకముందు పుట్టింది. ఊకె కీళ్ల నొప్పులని ఏడ్చేది, కండ్లు పచ్చగయ్యేటియి. మంత్రం అన్నరు, దిష్టి అన్నరు, భూపాలపల్లి దవాఖానకు ఎత్తుకపోయేసరికి తొవ్వలనే పోయింది. ఒక్క ఫోటో లేదు. పెద్దులు ఆ దినం కాడికెల్లి ఆ పేరు ఎత్తలేదు, ఇంకొకర్ని ఎత్తనియ్యలేదు. చిలుకమ్మ ఏడుస్తె లేచి బయటికి పోయేటోడు. రాయిలాంటోడు, బిడ్డను మరిసిపోయిండు అని ఇన్నేండ్లు లోపల్లోపల తిట్టుకున్నది.

"ఏం చెప్పిండు?"

"ఏం చెప్పలే, అడిగిండు. ఆ రోగం నా రక్తంకెల్లి వచ్చిందా బిడ్డా, నేనే తిన్ననా నా పిల్లను, అని."

"నువ్వేమన్నవు?"

"ఇద్దరి దిక్కుకెల్లి వస్తెనే ఆ రోగం వస్తది తాతా, ఒక్కరి తప్పు కాదు, అసలు తప్పే కాదు అన్న. తాత శానసేపు ఏడ్సిండు."

ఇంట్ల ఒక్క చుక్క రాలనియ్యని మనిషి గీ పరాయి పిల్ల ముంగట ఏడ్సిండా! చిలుకమ్మకు కోపమొచ్చింది. దుఃఖమొచ్చింది. ఏది ముందొచ్చిందో ఆమెకే తెల్వలేదు. ఎస్తేరు రెక్క పట్టి బయటికి నడిపిచ్చింది. "పోదాం పా అత్తా, చాలు ఇగ."

"గొంతు ఉన్నది గదనే ఇంక. గొంతు లేకుండ ఇంటికొచ్చి ఏం చేస్తడు?"

తెలుగు చదువుల బిల్డింగు అన్నిటికంటె పాతది. ఆ టేపు సారు పోయి శాన ఏండ్లయ్యిందట. ఆయన కాడ చదువుకున్న పద్మలత మేడం ఉన్నది, చిల్పూరు ఆమె. పాత టేపులన్ని ఇప్పుడు కంప్యూటర్ల ఎక్కిచ్చినమని, పెద్దులు పేరు కొట్టి ఎతికి, డబ్బా సౌండు పెంచి పెట్టింది.

మొదలు గొర్రెల మెడగంటలు. ఎన్క పాట. ఆ గొంతు! దగ్గు లేదు, బొంగురు లేదు, ఇరవై ఐదేండ్ల గొంతు. ఎస్తేరు సుత నోరు తెరిచి ఇన్నది. పాట నడుమల ఏదో చప్పుడయ్యింది, పాట ఆగింది.

"బాపూ, సారు పెట్టెల ఎవలున్నరే?"

చిన్నపిల్ల గొంతు. చిలుకమ్మ రెండు చేతులతోని మేడం బల్ల పట్టుకున్నది.

"ఎవలు లేరు బిడ్డా. మనమే ఉంటమట అండ్ల."

"నువ్వు కూడ ఉంటవా?"

"ఉండనా మరి? నిన్నొక్కదాన్ని పెట్టి నేనేడికి పోత?"

"అవ్వేది?"

"అవ్వ కూలికి పాయె గద. పనైనంక వస్తది."

మళ్ల గంటలు. మళ్ల పాట. మేడంకు సంగతి తెల్వదు, అది పోయిన బిడ్డ సరోజ గొంతని ఎస్తేరు మెల్లగ చెవుల చెప్పింది. మేడం కండ్లద్దాలు తీసి తుడుసుకొని, "ఇది మీకు పెన్‌డ్రైవ్‌ల ఏసిస్తనవ్వా. ఇంట్ల ఇనొచ్చు" అన్నది.

"ఇచ్చినంక గీడ ఉండదా?"

"ఉంటది. ఈడ ఉంటది, ఆడ కూడ ఉంటది."

చిలుకమ్మ తల అడ్డం ఊపింది. "వద్దు బిడ్డా. మనిషిని ఇంక ముక్కలు చెయ్యొద్దు." ఆ కంప్యూటర్ దిక్కు చూసింది. ముప్పై ఏండ్లు ఆ పిల్ల ఒక్కతే ఉన్నది గిండ్ల. ఇప్పుడిప్పుడే నాయిన వచ్చిండు. ఆయన ఆకలితోని లేడు, తొవ్వ తప్పలేదు, ఎవలి మీద కోపం లేదు. బిడ్డకు చెప్పిన మాట మీద ఉన్నడు, గంతే. అసొంటోణ్ణి రెక్క పట్టి ఎట్ల గుంజుకపోతది తల్లి? పోతె ఆ పిల్ల మళ్ల ఒక్కతయితది.

కొంగు ముడి ఇప్పి మన్నంత గడప బయట పూలకుండీల పోసి వచ్చింది. "లింగయ్యకు ఫోన్ చెయ్యి. పిట్టకు పెట్టుడు వద్దని చెప్పు" అన్నది ఎస్తేరుతోని.

"మరి మామ?"

"ఆయన రాడు. నేనే వద్దన్న."

ఎన్క మేడం దిక్కు తిరిగి, "నా గొంతు సుత పట్టుకుంటవా బిడ్డా? వాళ్లది ఉన్నకాడనే పెట్టాలె, దూరం పెట్టొద్దు" అన్నది.

మేడం మైకు సవరించింది. "ఏం పాడుతరవ్వా?"

"పాటలు నాకు రావు" అన్నది చిలుకమ్మ. కుర్చీ ముందుకు జరుపుకొని, మైకును దగ్గరికి తీసుకొని, పక్కింట్ల పిల్లను పిలిచినట్టు పిలిచింది.

"సరోజా, నేనే బిడ్డా, అవ్వను. బాపు వచ్చిండు గదా, ఇద్దరు తినుండ్రి. నాకు ఇంక జర పనున్నది. అయిపోంగనే వస్త."