ఎనిమిది వందలు అడ్డం, ఆరు వందలు నిలువు

ఆ రోజుల్లో, అంటే అమెరికాలో, పార్సిప్పనీ అనే ఊళ్ళో, కాంట్రాక్టు పోతే వీసా పోతుందని ప్రతి శుక్రవారమూ బిక్కుబిక్కుమంటూ బతికిన రోజుల్లో, నా దగ్గర మిగిలింది పరువొక్కటే. మా తాతగారు భూములన్నీ పోయాక కూడా సాయం కోరి ఎవరి గుమ్మమూ తొక్కలేదు. ("తొక్కుంటే రెండెకరాలైనా మిగిలేవి" అని మా నాయనమ్మ గొణిగేది, ఆయన వినకుండా.) ఆస్తి నాదాకా రాలేదు గానీ ఆ వంగని వెన్నెముక మాత్రం వచ్చింది.

నా ఉద్యోగం హెల్ప్‌డెస్క్‌లో. ఫోన్ చేసినవాళ్ళ కంప్యూటర్ జబ్బులు కుదర్చడం. నాకిచ్చిన లాప్‌టాప్ తెర పగిలిపోయి ఉండటంతో విడిగా ఒక వెడల్పాటి మానిటర్ తగిలించారు. దాని రిజల్యూషన్ మొదటి రోజే ఎనిమిది వందల చుక్కలు అడ్డం, ఆరు వందలు నిలువు దగ్గర బిగుసుకుపోయింది. అక్షరాలు నూనెలో వడల్లా పొంగాయి. సెట్టింగ్స్‌లో అంతకు మించి అంకె లేదు, ఓకే బటన్ తెర అంచు కింద ఎక్కడో ఉండిపోయింది. తెరను నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తీసి మళ్ళీ వేశాను, రీస్టార్ట్ చేశాను, ఎవరూ చూడకుండా దాని వీపు మీద చరిచాను కూడా. ఎవరినైనా అడగవచ్చు. కానీ హెల్ప్‌డెస్క్ మనిషి హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేస్తే మోగేది పక్క సీట్లోనే. అక్కడ ఉండేది నన్ను రోజూ తన కార్‌లో తీసుకొచ్చే కరీంనగర్ అన్న.

ఒకనాడు అతనే నా వెనక నిలబడ్డాడు. "ఏంది దొరా, గింత పెద్దగ పెట్టుకున్నవ్? కండ్లు కనవడ్తలేవా?"

"కొంచెం ఇబ్బందే" అన్నాను గంభీరంగా. చేతకానివాడి కన్నా చూపు ఆననివాడే గౌరవంగా ఉంటాడనిపించింది.

మర్నాటి నుంచి అన్న మెట్ల దగ్గర నా మోచెయ్యి పట్టుకోవడం మొదలుపెట్టాడు. మా టీమ్ లీడ్ గుంటూరావిడ, మేమంతా అక్క అనేవాళ్ళం, రోజూ డబ్బాలో క్యారెట్ ముక్కలు తెచ్చి నా బల్ల మీద పెట్టేది. అన్నీ హుందాగా స్వీకరించాను.

కొన్నాళ్ళకు మా వరసలో ఒక బల్ల ఖాళీ అయింది. దాని మానిటర్ కేబుల్ తెచ్చి నాదాని బదులు పెట్టాను. సెట్టింగ్స్‌లో పెద్ద అంకెలు వరసగా నిలబడ్డాయి. ఒకటి నొక్కితే తెర తేటనీరులా తేరింది. ఇన్నాళ్ళూ నన్ను ఏడిపించింది పాత కేబుల్‌లో విరిగిన ఒక్క పిన్ను! సంతోషించేలోపే అక్క లోపలికి పిలిచింది.

"కాంట్రాక్టర్లని తగ్గించమన్నారండీ. మీ కాల్స్ తక్కువే, మీకూ తెలుసు. నేనే మేనేజర్‌తో పోట్లాడాను, కళ్ళు కనపడకపోయినా కష్టపడే మనిషిని పంపిస్తే ఉసురు తగులుతుందని. మీకు ఎక్స్‌టెన్షన్ వచ్చిందండీ."

నిజం చెప్పబోయి నోరు తెరిచాను. వీసా కళ్ళ ముందు మెదిలింది. "మీ దయ" అన్నాను. ఆ మాట మా ఇంట్లో ఎవరూ అనగా నేను వినలేదు.

సీటుకి వచ్చి కొత్త కేబుల్ పీకి, పాతది నా చేతులతోనే తగిలించాను.

"ఏమన్నది దొరా?"

"ఉండమన్నారు."

"మంచిగైంది తియ్. నీ కండ్లు గూడ దేవుడే సూస్తడు."

ఆ కాంట్రాక్టు ముగిసేదాకా ఉబ్బిన అక్షరాలే చదివాను. ఇప్పుడు తలుచుకుంటే, నిటారుగా కూర్చుని, తెరలో సగం కూడా కనిపించకపోయినా ఇదే చాలన్నట్టు ముఖం పెట్టిన ఆ కుర్రవాడి మీద నవ్వొస్తుంది. చుట్టూ ఎవరూ లేరంటే, కాస్త జాలి కూడా.