కోతల పండుగకి జీడిపండు సోడా

1979 వేసవి. నర్సీపట్నంలో బస్సులు ఆగే చోటికి నాలుగంగల దూరంలో నా సోడా బండి ఉండేది. నాలుగు చక్రాల బండి, అందులో మూడు తిరిగేవి. పైన గోలీ సోడా సీసాలు, ఊకలో ఐసు గడ్డ, నిమ్మకాయల బుట్ట, వీటన్నిటి వెనక నేను. నా చదువు నాలుగో తరగతి, అదీ నిండా కాదు. పదమూడో ఎక్కం దగ్గర మిషన్ బడి గోడ దూకాను. ఆ తర్వాత ఆ ఎక్కంతో నాకు అవసరం పడలేదు, దానికీ నాతో అవసరం పడలేదు.

సోడా కొట్టేవాడికి పనేముంటుంది, గోలీ నొక్కడమే కదా అని చాలామంది అడుగుతారు. గోలీ కొనుక్కున్నవాడైనా నొక్కుతాడు. నా అసలు పని మిక్సింగ్. అంటే ఏ రసంలో ఏ సిరప్ ఎంత పడాలి, సోడా ఎప్పుడు పొయ్యాలి, ఎంత ఎత్తునుంచి పొయ్యాలి అన్న లెక్క. సిరప్ అంటే పంచదార పాకంలో కాచి దించిన సారం. కొయ్యూరు కొండల నుంచి సంతకొచ్చే సుగంధి వేళ్ళతో నేను కాచిన సిరప్ నెల్లాళ్ళు నిలవుండేది. పాకం ఉన్నంతకాలం దానికి చావులేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, నా కొంప ముంచింది ఇదే.

కాలానికో మిక్సింగ్, పండక్కో మిక్సింగ్ ఉండేది. శివరాత్రికి బలిఘట్టం గుడి దగ్గర ఉపవాసాలవాళ్ళకి నిమ్మరసం, సైంధవ లవణం, సోడా. ఒక శ్రీరామనవమికి పానకంలో సోడా కలిపాను. పూజారిగారు తిట్టవలసినవన్నీ తిట్టి, చివర్న ఇంకో గ్లాసు పుచ్చుకున్నారు. వానాకాలం కబడ్డీ పోటీలకి అల్లం, బెల్లం, మిరియాల పొడి. ఓడిపోయిన జట్టుకి మిరియం ఒక చిటికెడు ఎక్కువ వేసేవాణ్ణి, కళ్ళనీళ్ళకి ఒక కారణం దొరుకుతుందని.

ఇవేవీ నన్ను కష్టపెట్టలేదు. కష్టపెట్టింది జీడిపండు.

మా వైపు జీడిపిక్కకి ఉన్న గౌరవం పండుకి లేదు. పిక్క తెంపుకుని పండు పారేస్తారు. చూడ్డానికి ఎర్రగా బంగారంలా ఉంటుంది, కొరికితే గొంతు పట్టేస్తుంది. అందుకని తోటలో రాలి కుళ్ళేది, లేకపోతే సారా బట్టీకి పోయేది. ఆ రోజుల్లో బట్టీ పెట్టినవాళ్ళలో యోసేపు ఒకడు. కొండవాలున ముప్పై జీడిచెట్లు, వాటి మధ్య ఒక బట్టీ. కాచింది అమ్మేవాడు, అమ్మగా మిగిలింది తాగేవాడు. కొన్నాళ్ళకి తాగ్గా మిగిలింది అమ్మడం మొదలెట్టాడు.

నా బండికి ఎదురుగా రోడ్డవతల ఉన్న చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచుకునేదాన్ని వాళ్ళు బల్ల అంటారు. సారా కాస్తున్నాడని సంఘం పెద్దలు యోసేపుకి బల్ల ఆపేశారు. తర్వాత అతను బట్టీ పగలగొట్టాడు, తాగుడూ మానాడు. మానినా బల్ల మాత్రం తిరిగి రాలేదు. రెండేళ్ళపాటు ఆదివారం ఆదివారం ఆఖరి బెంచీలో కూర్చుని, బల్ల వేళకి లేచి రోడ్డు దాటి నా బండి దగ్గరికి వచ్చేవాడు. ఉత్త సోడా తాగుతూ చర్చి వైపు చూస్తూ నిలబడేవాడు. నేను ఎన్ని కబుర్లు చెప్పినా ఆ పది నిమిషాలూ నవ్వేవాడు కాదు. నా జోకులకి నవ్వనివాళ్ళని మామూలుగా నేను క్షమించను. అతన్ని క్షమించాను.

వేసవి సెలవులకి బయటూళ్ళ టీచర్లంతా వస్తారని ఆ చర్చివాళ్ళు కోతల పండుగ మే నెలలో పెట్టుకునేవారు. ఎవరి పంటలో ముందు భాగం వాళ్ళు తెచ్చి ఇస్తారు, వాటిని వేలం వేస్తారు, తర్వాత అందరూ కలిసి భోంచేస్తారు. ఆ ఏడు భోజనాలయ్యాక పెద్దలు కూర్చుని యోసేపు సంగతి తేల్చాలనుకున్నారు. పెద్దల్లో పెద్ద దానియేలు మేష్టారు. నేను దూకిన గోడ ఆయన బడిదే.

పండుగకి వారం ముందు యోసేపు వచ్చాడు.

"మేష్టారు పిక్కలు తెమ్మన్నారు, పళ్ళు వద్దన్నారు బావా," అన్నాడు. "ఆ పండుతోనే కదా నేను సెడిపోనాను. పిక్క పుచ్చుకుని పండొద్దంటే నన్ను సగమే పుచ్చుకున్నట్టు. ఆ పండుతోటే సిన్నపిల్లలకాడినుంచి పాస్టరుగారి దాకా తాగీలాగ ఏదైనా సెయ్యి."

"నా సోడా తాగి బాగుపడ్డవాడు ఇంతవరకూ ఎవడూ లేడు," అన్నాను. "నీతో బోణీ చేద్దాం."

మేష్టారి అనుమతి అడగడానికి ఇద్దరం వెళ్ళాం. ఆయన కళ్ళజోడు పైనుంచి నన్ను చూసి, పదమూడో ఎక్కం వచ్చిందా అని అడిగారు. దారిలో ఉందండీ అన్నాను. ఆయన నవ్వలేదు. చివరికి ఒప్పుకున్నారు గానీ ఒక మాట కచ్చితంగా చెప్పారు. "గ్లాసులో పులిసిన వాసన వచ్చిందా, యోసేపు సంగతి ఇక నా దగ్గర ఎత్తొద్దు. నువ్వూ ఎత్తొద్దు, అతనూ ఎత్తొద్దు."

నాలుగు రోజులు ప్రయోగాలు చేశాను. గొంతు పట్టే గుణం పోవడానికి యోసేపు భార్య మార్తమ్మ ఉపాయం చెప్పింది. పిండిన రసంలో చల్లారిన అన్నపు గంజి కలిపితే ఆ వగరంతా మడ్డి కట్టి అడుక్కి దిగుతుంది. పైన తేరిన రసం గుడ్డలో వడకడితే లేత బంగారం రంగులో వస్తుంది. దాన్లో నిమ్మరసం, బెల్లప్పాకం, చిటికెడు ఉప్పు వేసి, ఎత్తునుంచి చల్లటి సోడా పొయ్యాలి. మొదటి గ్లాసు తాగి నేనే రెండో గ్లాసు అడిగాను. నన్ను నేను అరువు అడగడం అదే మొదలు.

ఇక్కడే నేను తెలివి చూపించాను. పండుగనాడు పొద్దున్నే హడావిడి ఎందుకని ముందురోజు సాయంత్రమే పళ్ళన్నీ పిండి, గంజి వేసి, వడగట్టి, రెండు పెద్ద కుండల్లో పోసి చర్చి వసారాలో తడి ఇసక మీద పెట్టాను. సుగంధి సిరప్ నెల్లాళ్ళు నిలవుండగా లేంది ఇది ఒక్క రాత్రి ఉండదా అనుకున్నాను. సిరప్‌ని కాపాడేది పాకమని నాకు తెలుసు. ఈ కుండల్లో పాకం లేదన్నది మాత్రం తట్టలేదు. ఉట్టి రసం, మే నెల ఉక్క, పైగా గంజి.

పొద్దున్న ఏడింటికి మూత తీశాను. పైన సన్నటి నురుగు, లోపల గుసగుస. నాలిక మీద వేస్తే చురుక్కుమంది. కల్లు ఎరిగిన ఊరివాణ్ణి, నాకు అర్థం కాక కాదు, అర్థం చేసుకోవడం ఇష్టంలేక, సిలిండరు లేకుండానే గ్యాస్ ఎక్కింది, మంచిదే అనుకున్నాను.

అంతలో యోసేపు ఉతికిన తెల్లచొక్కాతో వచ్చాడు. కుండ దగ్గరికి రాకముందే, మెట్ల మీదే ఆగిపోయాడు.

"ఎప్పుడు పిండావు?"

"నిన్న సాయంత్రం."

ఆ మెట్టు మీదే కూలబడ్డాడు. రెండేళ్ళు ఎదురుచూసినవాడి మొహం మొదటిసారి దగ్గర్నుంచి చూశాను. అప్పుడు నాకు జోకు ఏదీ దొరకలేదు, సలహా దొరికింది. ఇంకా మత్తు రాలేదు కదా, నిమ్మకాయలు రెట్టింపు వేద్దాం, సుగంధి సిరప్ గుమ్మరిద్దాం, ఐసు దట్టిస్తే ఏ వాసనా తేలదు, ఎవరికీ తెలీదు అన్నాను.

"ఆలకి తెలీదు బావా," అన్నాడు. "నాకు తెలుస్తాది. ఇది ఎటు పోతాదో ఆ తోవంతా నేను నడిసినాను."

లేచి ఒక కుండ భుజానికెత్తుకున్నాడు. వెనక నూతి పక్కనుంచి తీసుకెళ్ళి బేగి పారబోసెయ్, ఎవరూ చూడరు అని బతిమాలాను. వినలేదు. నేరుగా గేటు వైపు, దానియేలు మేష్టారు కుర్చీ వేసుకుని కానుకలు రాయించుకుంటున్న చోటు మీదుగానే నడిచాడు. గేటు పక్క కాలవలో కుండ బోర్లించాడు. పులిసిన వాసన గుప్పున లేచింది. తలలన్నీ ఇటు తిరిగాయి.

మేష్టారు లేచి వచ్చారు. "ఏమిటది యోసేపూ?"

"రాత్రి పిండిన రసమండి. పులిసిపోనాది. ఇంకో కుండుందండి, అదీ తెచ్చి పారబోత్తాను."

ఇక నేను ముందుకి రాక తప్పలేదు. "తప్పు నాదండి మేష్టారూ. సిరప్‌లాగ ఇదీ నిలవుంటుందనుకున్నాను. అతను నిన్న ఇక్కడ లేడండి. నిమ్మకాయలు పిండి కప్పేద్దామన్నది కూడా నేనే. అతనే వినలేదు."

మేష్టారు కాలవలోకి చూశారు, యోసేపు తడిసిన తెల్లచొక్కా చూశారు, తర్వాత నన్ను చూశారు. "రసం ఎందుకు పులుస్తుందో అయిదో తరగతిలో చెబుతాను," అన్నారు. "నువ్వు నాలుగులోనే వెళ్ళిపోయావు."

ఆయన వెనక్కి వెళ్ళి కుర్చీలో కూర్చుంటారనుకున్నాను. కానీ చేతిలోని కానుకల పుస్తకం మూసి పక్కవాళ్ళకిచ్చి, చొక్కా చేతులు మోచేతుల దాకా మడుచుకుని, "చెట్ల మీద ఇంకా పళ్ళున్నాయా?" అని అడిగారు.

ఉన్నాయి. యోసేపు నాలుగు సైకిళ్ళు వెంటేసుకుని తోటకి వెళ్ళి, ఆరాధన సగంలో ఉండగా గోనెలతో తిరిగొచ్చాడు. ఆ పొద్దు చర్చి వసారాలో పళ్ళు పిండినవాళ్ళలో సెలవులకొచ్చిన టీచర్లున్నారు, వంటవాళ్ళున్నారు. ఆరాధన అవుతూనే పంచె మీద తువ్వాలు కట్టుకుని మేష్టారూ వచ్చి కూర్చున్నారు. భోజనాలకి దించిన అన్నం గంజే గిన్నెల్లో పోసి, విసనకర్రలతో విసిరి చల్లార్చి వాడాం. మడ్డి దిగడానికి గంట పట్టింది. ఆ గంటా వేలం పాట నడిచింది. జీడిపిక్కల బుట్టకంటే వసారాలో ఏం జరుగుతోందన్నదాని మీదే జనానికి ధ్యాస ఎక్కువ.

వడగట్టాక నేను గ్లాసు కలిపి మేష్టారికి అందించబోయాను. ఆయన పుచ్చుకోలేదు. "ముందు అతనికివ్వు. వాసన చూడమను," అన్నారు.

యోసేపు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు పట్టింది. సోడా బుడగలు చిటచిటలాడడం నాకు వినబడింది.

"బాగుందండి," అన్నాడు. "తాగొచ్చండి."

మేష్టారు ఆ గ్లాసే తీసుకుని చివరిదాకా తాగారు. తర్వాత పాస్టరుగారు, ఆ తర్వాత పిల్లలు. రెండు కుండలూ భోజనాలకి ముందే అడుగంటాయి. పెద్దలు కూర్చుని ఎంతసేపు మాట్లాడుకున్నారో నేను చూడలేదు, సీసాలు కడుక్కుంటున్నాను. ఆ పై ఆదివారం బల్ల వేళ దాటినా యోసేపు రోడ్డు దాటి రాలేదు. అతని కోసం తీసిపెట్టిన ఉత్త సోడా నేనే తాగాను.

ఆ తర్వాత పదేళ్ళు కోతల పండుగకి జీడిపండు సోడా నాదే. రసం ఆ పొద్దే పిండాలని నేర్చుకున్నాను, అది చేతికి తెలియాల్సిన పాఠం. ఇంకో పాఠం మనుషుల గురించి. చెడిపోయి తిరిగొచ్చినవాణ్ణి అంతవరకూ నేను జాలిపడి చూసేవాణ్ణి. కానీ ఆ పొద్దు చర్చి దగ్గరున్న అంతమందిలో మెట్ల మీంచే చెడుని పసిగట్టినవాడు అతనొక్కడే. కాపలా పెట్టుకోవలసినవాణ్ణి రెండేళ్ళు గేటు బయట నిలబెట్టాం.

అందుకని ప్రతి మేలోనూ మొదటి గ్లాసు యోసేపుకే ఇచ్చేవాణ్ణి. అతను కళ్ళు మూసుకుని ఊపిరి పీల్చేవాడు. వెనక వంద మంది దాహంతో వరసకట్టి ఉండేవారు, అందులో దానియేలు మేష్టారు కూడా. అతను కళ్ళు తెరిచి తల ఊపేదాకా ఒక్కరూ చెయ్యి చాచేవారు కాదు.