ముప్పై ఎనిమిదిలోంచి ఒకటి

నా చిన్నప్పుడు ఒక పత్రికా విలేకరుల మహాసభలో పొద్దంతా కూర్చున్నాను. అప్పటికి నాకు పదకొండేళ్లు నిండి మూడు నెలలు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి నాలుగేళ్లు దాటింది. ఆ సభకు నేను వెళ్లవలసిన పనే లేదు. మా చిన్నబాపు, అంటే మా నాన్న తమ్ముడు, వేసవి సెలవుల్లో నన్ను కరీంనగర్‌లోని మా మేనత్త ఇంట్లో దింపడానికి సుల్తానాబాద్ నుంచి పొద్దున ఆరున్నర బస్సులో తీసుకొచ్చాడు. మేనత్త ఇంటికి తాళం వేసి ఉంది. పెళ్లికి పోయారని, సాయంత్రం వస్తారని పక్కవాళ్లు చెప్పారు. చేసేది లేక నన్ను కూడా సభకు తీసుకుపోయాడు.

చిన్నబాపుకు సుల్తానాబాద్‌లో సైకిళ్ల దుకాణం ఉండేది. ఏడాదిన్నరగా హైదరాబాద్ నుంచి వెలువడే ఒక దినపత్రికకు మా ప్రాంతం వార్తలు రాసి పంపుతున్నాడు. విలేకరుల సంఘంలో చేరాలని ఆయనకు చాలా కోరిక. సంఘం కార్డు ఉంటే తహసీలు కచేరీలో నిలబెట్టి మాట్లాడరని, కుర్చీ వేస్తారని చెప్పేవాడు. సభ్యత్వం ఫారం నింపి, మడత పడకుండా పుస్తకంలో పెట్టుకొని తెచ్చాడు. దాని మీద సంఘం కార్యదర్శి సంతకం ఒక్కటే కావాలి.

సభ ఒక బడి హాల్లో. నాకు ఎక్కడ కూర్చున్నా లెక్కపెట్టే అలవాటు. సభ మొదలైనప్పుడు ముప్పై ఎనిమిది మంది, అందరూ మగవాళ్లే. గుమ్మంలో ఒకాయన నన్ను ఆపి, "నువ్ ఏ పేపర్‌కు రాస్తవ్ బిడ్డా?" అని అడిగాడు. నేను సిగ్గుపడి తల వంచుకుంటే చిన్నబాపు, "ఇంట్ల మా మీద రాస్తది, వాళ్ల బాపుకు పంపుతది" అన్నాడు. వరండాలో ఉన్నవాళ్లు నవ్వారు.

చిన్నబాపు దస్తూరీ బాగుంటుందని ఎవరో చెప్పడంతో, సభ వార్త రాసే పని కార్యదర్శి ఆయనకే అప్పగించాడు. కొత్తవాడికి అది పెద్ద గౌరవం. కార్బన్ కాగితాలు పెట్టి నాలుగు పత్రికలకు నాలుగు ప్రతులు రాయాలి. వాటిని మూడు గంటల హైదరాబాద్ బస్సు కండక్టరుకు ఇస్తే, అక్కడి బస్టాండులో పత్రికల మనుషులు వచ్చి తీసుకుంటారు. ఆ బస్సు తప్పితే వార్త పాతదైపోతుంది. అందుకని ఆహ్వాన పత్రం ముందు పెట్టుకొని పదకొండు గంటలకే రాయడం మొదలుపెట్టాడు. నేను పక్కన కూర్చొని చదువుతున్నాను. 'భోజనానంతరం జరిగిన సమావేశంలో, విలేకరులకు బస్సులలో ఉచిత పాసులు ఇవ్వాలని ప్రభుత్వాన్ని కోరుతూ తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించారు' అని ఉంది. కిటికీలోంచి చూస్తే పెరట్లో అన్నం గంజు ఇంకా పొయ్యి మీదే ఉంది.

"చిన్నబాపూ, ఇంకా అన్నమే ఉడకలే గదా."

"బస్సు మన కోసం ఆగదు బిడ్డా. అందరు గిట్లనే రాస్తరు. పాసు వద్దనేటోడు ఉంటడా?" అన్నాడు. అది నాకు సబబుగానే తోచింది. ఎండలో సైకిలు తొక్కి ఊళ్లు తిరిగేవాళ్లు పాసు ఎందుకు వద్దంటారు? భోజనాలకు ముందే ఆయన వెళ్లి నాలుగు కవర్లూ బస్సు ఆఫీసులో ఇచ్చి వచ్చాడు.

అన్నాలు తిన్నాక ఆ తీర్మానం చదివారు. ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తమన్నారు. ఫారాలు తెచ్చిన కొత్తవాళ్లు కూడా ఎత్తవచ్చన్నారు. చిన్నబాపు అందరికంటే ముందు ఎత్తాడు. అధ్యక్షుడు ఊరికే అడిగినట్టుగా, "కాదనేటోళ్లు ఉన్నరా?" అన్నాడు. అప్పుడు వెనక బెంచీలోంచి ఒక చెయ్యి లేచింది.

ఆయన ఉట్నూరు నుంచి వచ్చిన పెద్దాయన. మాసిన ధోవతి, కాళ్లకు టైరు చెప్పులు. ముందురోజు పొద్దున బయలుదేరి మూడు బండ్లు మారి వచ్చాడట. సగానికి పైగా హాలు నవ్వింది. ఎవరో, "కాకా, నీకే గదా పాసు ఎక్కువ పనికొచ్చేది, చెయ్యి దించు" అన్నారు.

ఆయన లేచి నిలబడి నెమ్మదిగా చెప్పాడు. "మా దిక్కు ఆఫీసర్ల జీపు వస్తది. ఎక్కు మాస్తర్ అంటరు. ఎక్కితే జల్ది దిగుత. దిగినంక ఆ జీపు గూడెంకు ఎందుకు రాలేదని ఎట్ల రాస్త? సర్కారు పాసు జేబుల పెట్టుకొని సర్కారు బస్సు రాలేదని ఎట్ల రాస్త? నాకైతే చేతగాదు. మీకు అయితదంటే తీసుకోన్రి." చెప్పి కూర్చున్నాడు. చెయ్యి మాత్రం దించలేదు. అధ్యక్షుడు తీర్మానం నెగ్గిందని చెప్పి తరువాతి విషయానికి పోయాడు.

నేను చిన్నబాపు ముఖం చూశాను. ఆయన లేచి కార్యదర్శి దగ్గరికి వెళ్లి, ఏకగ్రీవం అని రాశానని, కవర్లు మార్చాలని గుసగుసగా చెప్పాడు. కార్యదర్శి చేతిలో అప్పుడు ఫారాల కట్టే ఉంది. పైనుంచి ఒక్కొక్కటే సంతకం పెడుతున్నాడు. "మన ఇంట్ల లొల్లి పేపర్ల ఎందుకయ్యా? ఒక్క చెయ్యి ఏం లెక్క. కవర్లు పోయినయ్ గదా, పోనీ. కూసో, నీ ఫారం గూడ వస్తది" అన్నాడు. కోపంగా కాదు, ప్రేమగానే అన్నాడు.

చిన్నబాపు వరండాలోకి వచ్చి నిలబడ్డాడు. ఉట్నూరు పెద్దాయన అక్కడే నీళ్లు తాగుతున్నాడు. సంగతి ఆయనకు అర్థమైంది. "నకో తమ్మీ. నా ఒక్క చెయ్యికి నువ్ పరేషాన్ గాకు. కొత్తగ వచ్చినవ్. నేను ఎత్తింది నాకు ఎరుకే, సాలు" అన్నాడు. చిన్నబాపు హాల్లోకి ఒకసారి, గేటు వైపు ఒకసారి చూశాడు. తరువాత నా చెయ్యి పట్టుకొని నడిచాడు. గేటు దాటాక పరుగెత్తాడు.

మేము బస్టాండు చేరేసరికి మూడు కావడానికి ఇంకా ఎనిమిది నిమిషాలుంది. కండక్టరు కవర్లు తిరిగి ఇవ్వడానికి సణిగాడు. "వార్త మీరే మారుస్తరు, బస్సు లేటయిందని మల్ల మీరే రాస్తరు. మా బతుకు గిట్లున్నది సారూ" అన్నాడు. అయినా ఇచ్చాడు. చిన్నబాపు బస్సు మెట్టు మీద కూర్చొని నాలుగు ప్రతుల్లోనూ ఏకగ్రీవంగా అన్న మాట కొట్టేశాడు. కలం ఎత్తి నన్ను అడిగాడు.

"ఎన్ని చేతులు లేచినయ్ బిడ్డా? నువ్ లెక్కపెడ్తవ్ గదా."

"ముప్పై ఏడు" అన్నాను వెంటనే. ఆయన 'ముప్పై' వరకు రాసి ఆగాడు.

"చేతులు లెక్కపెట్టినవా?"

నేను చేతులు లెక్కపెట్టలేదు. ముప్పై ఎనిమిదిలోంచి ఒకటి తీసేశాను. ఆ మాటే చెప్పి, లెక్క సరిగ్గానే ఉంది కదా అన్నాను.

"అన్నం తిన్నంక అందరు లోపటికి వచ్చిన్రా? మూలకు ఇద్దరు కునుకు తీస్తుండిరి, వాళ్లు చెయ్యెత్తిన్రా?"

"ఎత్తే ఉంటరు" అన్నాను.

ఆయన నన్ను కసరలేదు. "ఉంటరు అని రాయొద్దు బిడ్డా. పొద్దుగాల నేను రాసింది గదే" అన్నాడు. ఆ 'ముప్పై'ని కూడా కొట్టేశాడు. 'ఉట్నూరు విలేకరి ఒకరు, పాసు తీసుకుంటే ప్రభుత్వం గురించి స్వేచ్ఛగా రాయలేమని చెప్పి చెయ్యెత్తి వ్యతిరేకించారు. తీర్మానం నెగ్గినట్టు అధ్యక్షులు ప్రకటించారు' అని నాలుగుసార్లు రాశాడు. సంఖ్య ఎక్కడా వేయలేదు. బస్సు ఐదు నిమిషాలు ఆలస్యంగా కదిలింది. అది మాత్రం నేను గడియారం చూసే చెబుతున్నాను.

తిరిగి వచ్చేసరికి ఫారాల పని అయిపోయింది. చిన్నబాపు ఫారం మీద సంతకం లేదు. కార్యదర్శి దాన్ని చేతికిచ్చి, వచ్చే సభలో చూద్దామన్నాడు. చిన్నబాపు దాన్ని తెచ్చినట్టే పుస్తకంలో పెట్టుకున్నాడు. ఆ సంతకం పడడానికి పద్నాలుగు నెలలు పట్టింది. అన్నాళ్లూ తహసీలు కచేరీలో నిలబడే మాట్లాడాడు. నిజానికి ఆయన పాసు కావాలని చెయ్యెత్తినవాడే. తరువాత కూడా ఆ పెద్దాయనది చాదస్తం అనేవాడు. ఆయన మాటతో ఏకీభవించి కాదు, ఆయన చెయ్యి కళ్లారా చూశాడు కాబట్టి రాశాడు. ఈ తేడా నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. సెలవులయ్యాక గ్రంథాలయంలో నాలుగు పత్రికలూ వెతికాను. రెండింటిలో ఆ వాక్యం ఉంది, రెండింటిలో లేదు.

ఆ ఏటి నుంచి నేను రోజూ ఒక పుస్తకంలో జరిగినవి రాసుకుంటున్నాను. తేదీ, వేళ, ఎవరు వచ్చారు, ఎంత వాన పడింది. చూసిందే రాస్తాను. చూడనిచోట ఖాళీ వదులుతాను. మా ఆయన పోయిన రోజు నేను దవాఖాన కింద మందులు కొంటున్నాను. నేను మెట్లెక్కి పైకి వచ్చేసరికే అయిపోయింది. నాలుగుంబావు అని నర్సు చెప్పింది, అప్పటికి నాలుగుంబావు ఇంకా కాలేదని పక్క మంచం దగ్గరి ఆవిడ చెప్పింది. తిథి, నక్షత్రం చూడడానికి పంతులుగారు అడిగితే మా పెద్దవాడు ఏదో ఒక వేళ చెప్పాడు. నా పుస్తకంలో ఆ రోజుకు తేదీ ఉంది. వేళ రాయవలసిన చోటు ఖాళీగానే ఉంది.