చిల్లగింజ నీళ్లు

మొన్న కోకాపేటలో మా ఫ్లాటుకి వాటర్ ఫిల్టర్ సర్వీసాయన వచ్చాడు. గ్లాసులో నీళ్లు పట్టి, పెన్నులాంటి మీటరు ముంచి, "నీళ్లు మస్తుగున్నయి సార్, ఇక్కడ సంతకం పెట్టుండ్రి" అన్నాడు. గ్లాసు అడుగు కనిపిస్తోంది. ఒకప్పుడు మా మామ తెచ్చిన సీసాల్లో నీళ్లు కూడా ఇలాగే ఉన్నాయి.

తొంభైల చివర్లో మాట. మాదాపూర్‌లో గుండ్రటి పెద్ద బిల్డింగు లేచిన కొత్త. దాని పేరు చెప్పి చుట్టుపక్కల రేకుల షెడ్లకి కూడా కిరాయి పెంచేశారు. అక్కడే ఒక ఇంటి మేడమీద మా నీటి పరీక్షల ల్యాబు. మావాడు కంప్యూటర్లలో ఉన్నాడని ఊళ్లో చెప్పుకునేవారు, నేనూ కాదనేవాణ్ణి కాదు. నిజానికి నా పని సీసాలు కడగడం, నీళ్లు వడకట్టి మిగిలిన మడ్డి తూచడం.

మా మేనత్త ఊరి పక్కన బొగ్గు ఓపెన్‌కాస్ట్ గని. గనిలో ఊరిన నీళ్లు తోడి వాగులోకి వదిలేవారు. వానాకాలం గని తవ్విపోసిన మట్టిగుట్టల మీంచి కూడా నల్లనీళ్లు దిగేవి. పొలానికీ, పశువులకీ, తాగడానికీ ఆ వాగే. మడ్డి దిగాకే నీళ్లు వదిలేలా మధ్యలో ఒక కుంట తవ్వండని మామ, అంటే మేనత్త భర్త, గని ఆఫీసు చుట్టూ రెండేళ్లు తిరిగాడు. పరీక్షలో మడ్డి హద్దు దాటితే తవ్విస్తామన్నారు వాళ్లు. ఆ పరీక్ష మా ల్యాబుకే వచ్చింది.

నేనే వెళ్లి నీళ్లు పట్టాలి. కానీ రెండు బస్సులు మారి, ఆ వానల్లో ఎవడు పోతాడు? మామ ఉన్నాడుగా అని ఖాళీ సీసాలు ఆయనకే పంపాను. నాలుగోనాడు సంచి భుజానేసుకుని ఆయనే దిగాడు. నీళ్లు పట్టినవారు అన్న గడిలో నా పేరు రాసి సంతకం చేశాను. మడ్డి హద్దులోపే వచ్చింది. రిపోర్టు వెళ్లిపోయింది.

పదిరోజులకి మామ మళ్లీ వచ్చాడు. కుంట అక్కర్లేదన్నారట.

"గిదేంది అల్లుడా? వాగు నల్లగుంటే కాయితంల మంచిగెట్లొచ్చింది?"

"నువ్వు తెచ్చిన నీళ్లేగా మామా."

"మీ అత్త చిల్లగింజ అరగదీసి, కుండల తేర్చి పోసింది. అల్లుని ఆఫీసుకు మురికినీళ్లు ఎట్ల పంపుతం అన్నది. నాకు గూడ నిజమే అనిపిచ్చింది."

మావైపు ఇంటికొచ్చినవాళ్లకి ఇలా చిల్లగింజ గంధం కలిపి, మడ్డి అడుక్కి దింపి తేర్చిన నీళ్లే ఇస్తారు. అవి తాగి పెరిగినవాణ్ణే నేను. వానాకాలం వాగునీళ్లు అంత తేటగా ఉండవని నాకు తెలియదా!

"ఇగ జర మీ సారుకు చెప్పు. ఈసారి నువ్వే వచ్చి పట్టుకపో."

చెబితే సంతకం అబద్ధమని తేలుతుంది, ఉద్యోగం ఊడుతుంది. "చూద్దాం మామా" అన్నాను. ఆ చూద్దాం ఎంతదో ఆయనకి వెంటనే అర్థమైంది.

"ఫికర్ చెయ్యకు. నీ నౌకరి పోవద్దు" అన్నాడు.

చాయ్ తాగించి బస్సెక్కించాను. ఏడుపు రాలేదు. సిగ్గు రావలసింది, అదీ రాలేదు. మర్నాడు ఎప్పటిలాగే సీసాలు కడిగాను.

కుంట తవ్వలేదు. ఆ మరుసటేడు నేను వెళితే అత్త చెంబుతో నీళ్లిచ్చింది. మామ ఆమెకేమీ చెప్పలేదని ఆమె నవ్వు చూస్తే తెలిసింది. చెంబెడూ తాగేశాను.

"సార్, సంతకం" అన్నాడు సర్వీసాయన. కాగితంలో ఏముందో చదవకుండానే పెట్టాను. ఇన్నేళ్లలో జుట్టు నెరిసింది, కళ్లకు అద్దాలొచ్చాయి, ఆ సంతకం మాత్రం అలాగే ఉంది.