పాస్‌పోర్టు చూసిన ఊరు

"అవ్వ ఖలాస్, పెద్దమ్మా" అని మా చిన్నమ్మ మనవడు ఫోన్లో చెప్పాడు. కువైట్‌లో పని ముగిస్తే అనే మాట అది. వాడూ అక్కడే, డ్రైవరు. ఏడుపులో వేరే మాట దొరకలేదు. క్షమించాను. కర్మకు వెళ్తే ఓ పెద్దమనిషి కాఫీ తాగుతూ, "అదృష్టవంతురాలు, లోకం చూసింది" అన్నాడు. ఆయన్ని క్షమించలేదు. అందుకే ఈ నాలుగు ముక్కలు.

ఆమె చూసిన లోకం కువైట్ ఊళ్లో బ్నీద్ అల్ గార్ అనే పేటలో తను పనిమనిషిగా చేసిన ఒక కువైటీల ఇల్లు. అందులో వంటగది, మిద్దె, ఇస్త్రీబల్ల. నేనప్పుడు ఆ ఊళ్లోనే సాల్మియా పేటలో పంతులమ్మని. శుక్రవారం సెలవిస్తే మా ఇంటికొచ్చేది. ఇరాక్ సైన్యం వచ్చిన ఆ వేసవిలో ఆమెది ఒకటే కబురు. మామా, అంటే యజమానురాలు, తనని తుర్కీలో అంతాల్యా అనే సముద్రపు ఊరికి తీసుకుపోతుందట.

"ఏముంది చిన్నమ్మా అక్కడ?"

"ఏముందా? రోము రాజులు కట్టిన మూడు కమానుల గేటుండాది పాపా. అది దాటి సందుల్లో దిగితే పాత రేవు. ఆడ పడవెక్కాల. ఏరుకి ఏరే కొండ మింద నుంచి సముద్రంలోకి దూకుతాదంట. పడవ దాని ముందర పోయి నిలబడతాదంట. గాలి చల్లగా కొడతాదని మామా చెప్పింది."

ఆ గాలి కోసం స్వెటర్ కొనుక్కుంది, నీలం రంగుది. జూలైలో, కువైట్‌లో! కొట్టువాడు దుమ్ము దులిపి మరీ ఇచ్చాడట.

బయల్దేరే ముందురోజు మామా మనసు మార్చుకుంది. ఇల్లు చూసుకోడానికి మనిషి కావాలంది. సరే, ఆవిడ ఇష్టం. కానీ అందరి పాస్‌పోర్టులూ ఆవిడ చేతిసంచీలోనే ఉండడం ఆ ఇంటి ఆచారం. చిన్నమ్మది తీసిచ్చి పోవాలని తోచలేదు. మనిషి ఇక్కడ, పాస్‌పోర్టు అంతాల్యా విహారంలో! కొద్దిరోజులకే ట్యాంకులొచ్చాయి. ఆమె కాపలా కాసిన ఇంటిని సైనికులు తలుపులతో సహా ఊడ్చుకుపోయారు.

మాతోపాటు బస్సెక్కింది, చేతిలో ఎంబసీవాళ్ల కాగితం ఒక్కటే. ఇరాక్ దాటే సరిహద్దు దగ్గర సైనికుడు పాస్‌పోర్టు ఏదని గద్దించాడు. చిన్నమ్మ తన వంటింటి అరబ్బీలో, "అది తుర్కీలో షికారు చేస్తాంది. నేను మాత్రం నీ ముందరే ఉండా. ఎవురు కావాల నీకు?" అంది. వాడు నవ్వి, యల్లా, పదండి అని చెయ్యూపాడు.

అవతల ఎడారి, గుడారాలు, నీళ్ల ట్యాంకర్ దగ్గర తెగని వరస. దాహంతో ఏడుస్తున్న నా కూతురి నెత్తిన ఆ స్వెటర్ కప్పి ఎండ ఆపింది. "ఏడవాకు తల్లీ. మనం పడవలో ఉండాం. అద్దో, ఏరు దూకుతాంది. తుంపర పడతాంది, కండ్లు మూసుకో." పిల్ల నిజంగానే కళ్లు మూసుకుంది. వరసలో ముందున్నావిడ కూడా.

యుద్ధమయ్యాక మామా రమ్మంటే మళ్లీ వెళ్లింది. నేను అరిచాను. "కోపం కూడు పెడతాదా పాపా?" అంది. ఆ ఇంటివాళ్లు ఇంకా ఎన్నో వేసవులు అంతాల్యా వెళ్లారు. ప్రతిసారీ ఇల్లు చూసుకోడానికి మనిషి కావాల్సి వచ్చింది.

లోకం చూసిందట!

ఆమె బట్టలు పంచుతుంటే ఆ స్వెటర్ నేను అడిగి తెచ్చుకున్నాను. ఉతికి మా మిద్దె మీద తీగకి వేశాను. సాయంత్రం గాలి లేచింది. ఖాళీ చేతులు రెండూ ముందుకు చాచి, పడవ అంచు పట్టుకోబోతున్నట్టు ఊగుతోంది.